ఒకటో నంబరు బిళ్ళ

నది ఒడ్డున పడవలు బాగుచేసే ఆ రేకుల షెడ్డుకి తలుపు ఒక్కటే. తలుపు పక్కన గోడకి ఒక చెక్క పలక, పలకకి నాలుగు కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో ఇత్తడి బిళ్ళ. బిళ్ళల మీద నంబర్లు. ఒకటో నంబరు పెద్దాయనది, రెండు కూతురిది, మూడు అల్లుడిది, నాలుగు పెద్దాయన భార్యది. ఆవిడ ఏనాడూ పడవెక్కిన పాపాన పోలేదు. నీళ్ళంటే ఆవిడకి చచ్చేంత భయం. అయినా అల్లుడికి బిళ్ళ చేయించిన రోజునే ఆవిడకీ ఒకటి చేయించి తగిలించాడాయన.

"ఎక్కేదాన్నా దిగేదాన్నా, నాకెందుకండీ ఇది?" అందట ఆవిడ.

"ఎక్కకపోతే మానెయ్. మనిషన్నాక హాజరు పలకలో ఉండాలి," అన్నాడట ఆయన.

పద్ధతి చాలా సులువు. నీళ్ళ మీదికి వెళ్ళేవాడు తన బిళ్ళ తీసి మెళ్ళో వేసుకోవాలి. తిరిగొచ్చాక తన చేత్తో తనే తగిలించాలి. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోకూడదు. సాయంత్రం నాలుగు బిళ్ళలూ కళ్ళబడితేనే తలుపుకి తాళం. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా, మనిషి దొరికేదాకా ఎవరూ ఇంటికి పోవడానికి లేదు. దేంట్లోనైనా ఆయన్ని బతిమాలి ఒప్పించొచ్చు గానీ ఈ విషయంలో మాత్రం బ్రహ్మదేవుడు దిగొచ్చినా వినేవాడు కాదు.

ఇరవై నాలుగేళ్ళు పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. అందుకే రేవులో అందరికీ ఆయన పటాలం పెద్దాయన. పింఛనుతో కాళ్ళు చాపుకుని కూర్చోకుండా, చిన్నప్పుడు తన తండ్రి దగ్గర చూసిన పడవల పని మళ్ళీ ఎత్తుకున్నాడు. తారు పూసే పనికి కూడా ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు. రెండు జేబులకీ బొత్తాలు పెట్టి ఉండాలి. "బొత్తాం పెట్టని జేబూ, తలుపు లేని ఇల్లూ ఒకటే," అనేవాడు. ఏదైనా పోగొట్టుకోకూడదనుకుంటే ఎడమ జేబులో వేసి బొత్తాం పెట్టేవాడు. కళ్ళజోడుకి, ఉత్తరాలకి, ముఖ్యమైన వాటన్నిటికీ అదే చోటు.

ఆయన పోయి ఇరవై రెండు రోజులైంది.

ఒకటో నంబరు బిళ్ళ ఇప్పటికీ కొక్కేనికే ఉంది. షెడ్డులోకి వచ్చిన ప్రతివాడూ ముందు దానికేసి చూసి, పెదవి చప్పరించి, ఆ తర్వాతే మాట్లాడుతున్నాడు. అల్లుడు మాత్రం దానికేసి చూడడం లేదు. తలుపు తీసేటప్పుడు మొహం అవతలికి తిప్పుకుంటాడు. వేసేటప్పుడు నేలకేసి చూస్తాడు. తేలు కుట్టిన దొంగ పరిస్థితి అతనిది. నొప్పి ఉంది, అరిచే వీల్లేదు.

అసలతను వడ్రంగి. తలుపులూ మంచాలూ చేసుకునేవాడు. పద్నాలుగేళ్ళ క్రితం ఈ షెడ్డు తలుపు బిగించడానికి వచ్చి, తారు బకెట్టు పట్టుకుని నిలబడ్డ కూతుర్ని చూశాడు. ఒక్కరోజు పనిని నాలుగు రోజులు సాగదీశాడు. ఐదో రోజు పెద్దాయనే, "ఏమబ్బాయ్, ఇంకా ఏ మూల బిగించాలి? తలుపునా, నిన్నా?" అని అడిగాడు. పెళ్ళయింది. మామగారి దగ్గరే పని నేర్చుకున్నాడు. అతను సొంతంగా చేసిన మొదటి పడవ రేవు దాటకముందే మడమల దాకా నీళ్ళు తాగింది. ఒడ్డున నిలబడ్డ పెద్దాయన నవ్వాపుకోలేక, "నువ్వింకా తలుపే చేస్తున్నావయ్యా! తలుపు సందుల్లోంచి గాలొచ్చినా ఎవడూ చావడు. పడవకలా కాదు," అన్నాడు. ఆ తర్వాత పదేళ్ళలో అల్లుడు చేసిన పడవ ఒక్కటి కూడా కారలేదు. అయినా కొత్త పడవ నీళ్ళలోకి దించిన ప్రతిసారీ ఆయన మాట మాత్రం అదే: "ఏమల్లుడూ, గడియ పెట్టావా?"

బాగుచేసిన పడవని ముందు తానే ఎక్కి, నది వంపు దాకా తెడ్డు వేసుకుని వెళ్ళి వచ్చి, అప్పుడు గానీ యజమానికి ఇచ్చేవాడు కాదు. డెబ్బై దాటాక కూడా మానలేదు. మానమంటే, "నా పని మీద ముందు నా ప్రాణం పెట్టి చూడాలి కదా. ఊళ్ళో వాళ్ళ ప్రాణం పెట్టి చూస్తామా?" అనేవాడు.

కిందటేడాది నుంచి మాత్రం చిన్నచిన్న మరుపులు మొదలయ్యాయి. బిళ్ళ మెళ్ళో వేసుకునే ఇంటికెళ్ళిపోయేవాడు. ఒకసారి సాయంత్రం ఒకటో కొక్కెం ఖాళీగా కనిపించేసరికి అల్లుడు, కూతురు, రేవులో వాళ్ళు ఒడ్డు పొడుగునా కేకలు వేస్తూ పరిగెత్తారు. తీరా చూస్తే పెద్దాయన మంగలి దుకాణంలో కుర్చీలో కూర్చుని, మొహానికి సబ్బు నురగతో కునికిపాట్లు పడుతున్నాడు. మెళ్ళో బిళ్ళ మెరుస్తోంది. రెండోసారి ఇంట్లో మంచం మీద దొరికాడు. వలలు వేసుకునే ఆసామి ఒకడున్నాడు, రేవులో అందరూ అతన్ని వలలాయన అంటారు. అతనిది నెలరోజుల పాటు ఇదే పాట: "పెద్దాయన బిళ్ళని మోస్తున్నాడా, బిళ్ళే పెద్దాయన్ని మోస్తోందా?"

పెద్దాయన సిగ్గుపడ్డాడు. ఒక రాత్రి అల్లుణ్ణి పక్కకి పిలిచి, "అబ్బాయ్, ఈసారి నా కొక్కెం ఖాళీగా కనిపిస్తే ముందు మా ఇంటికొచ్చి చూడు. నేనక్కడ లేకపోతేనే నదికి వెళ్ళు. నా చాదస్తానికి నలుగురినీ పరిగెత్తించకు," అన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "వెతకడం మాత్రం మానకు."

ఆ రోజు జరిగింది ఇది.

అత్తగారు ఊళ్ళో లేదు. చెల్లెలికి కంటి ఆపరేషన్ అయితే సాయానికి వెళ్ళింది. కూతురు మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయింది. అల్లుడు కలప అడితికి వెళ్ళి, కుంభవృష్టిలో తడిసి ముద్దయి, చీకటి పడుతుండగా షెడ్డుకి వచ్చాడు. వలలాయన పడవ పని పొద్దుటే పూర్తయింది. సాయంత్రం వచ్చి తీసుకెళతానని అతను చెప్పి ఉన్నాడు. ఇప్పుడు రేవులో ఆ పడవ లేదు. తీసుకెళ్ళిపోయాడనుకున్నాడు అల్లుడు. పలక చూస్తే ఒకటో కొక్కెం ఖాళీ. పక్కన మేకుకి ఎప్పుడూ ఉండే స్వెట్టరు లేదు, మామగారి ఇస్త్రీ చొక్కా వేలాడుతోంది. చేత్తో తడిమితే ఎడమ జేబులో గట్టిగా బిళ్ళ తగిలింది. బిళ్ళకుండే తాడు ఆ వారమే తెగింది. అందుకే జేబులో పెట్టుకున్నాడు. వాన కదా, చొక్కా విప్పి స్వెట్టరు తొడుక్కుని ఇంటికెళ్ళిపోయుంటాడు, బిళ్ళ తగిలించడం మళ్ళీ మర్చిపోయాడు అనుకున్నాడు.

వెళ్ళి చూడాలి. మామగారి ఇల్లు గట్టు మీద, ఊరికి ఆ చివర. వాన ఆగేలా లేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది, కాళ్ళు పీకుతున్నాయి. అల్లుడు జేబు బొత్తాం విప్పాడు, బిళ్ళ తీశాడు, తెగిన తాడు ముడేసి కొక్కేనికి తగిలించాడు. ఐదు నిమిషాల పని కూడా కాదు. తాళం వేసి ఇంటికెళ్ళాడు.

"నాన్న వెళ్ళాడా?" అని అడిగింది భార్య, పొడి తువ్వాలు అందిస్తూ.

"వెళ్ళిపోయాడు," అన్నాడతను, తల తుడుచుకుంటూ.

తెల్లారి తన పడవ కోసం వచ్చిన వలలాయన, రేవులో పడవ లేకపోయేసరికి ఒడ్డెంట నడిచాడు. వంపు దగ్గర రెల్లులో ఇరుక్కుని కనిపించింది. అందులో స్వెట్టరు తొడుక్కున్న పెద్దాయన, చేతిలో తెడ్డుతో, పక్కకి ఒరిగి ఉన్నాడు. డాక్టరు చూసి గుండెపోటన్నాడు. "వెంటనే పోలేదు. కొన్ని గంటలు ప్రాణం ఉండి ఉంటుంది," అని కూడా అన్నాడు. ఆ రెండో మాట చెప్పకుండా ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

జనం షెడ్డుకి వచ్చారు. పలక చూశారు. నాలుగు బిళ్ళలూ నిండుగా ఉన్నాయి. "అయ్యో, బిళ్ళ తీసుకోకుండానే వెళ్ళాడు! ఖాళీగా ఉంటే మనం వెతికేవాళ్ళం కదా. పాపం, చివరికి మతి తప్పింది," అన్నాడు వలలాయన. అందరూ అదే అన్నారు. కూతురు ఏడుస్తూ మొగుడి మొహంలోకి చూసింది. "పలక నిండుగానే ఉంది," అన్నాడతను. అది అబద్ధం కాదు. కానీ మనిషి నిజం చెబుతూనే ఎంత పెద్ద అబద్ధం ఆడగలడో అతనికి ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత చెబుదామని చాలాసార్లే అనుకున్నాడు. నోటిదాకా రావడం, నీళ్ళు నమలడం. ప్రతి ఉదయం కళ్ళు మూసుకుని దేవుడి ముందు నిలబడి, "స్వామీ, ఈవేళ నాచేత చెప్పించు," అని దండం పెట్టుకునేవాడు. దేవుడు నోరిచ్చాడు. విప్పడం కూడా ఆయనే చెయ్యాలంటే ఎలా?

ఇరవై రెండో రోజు పొద్దున అత్తగారు షెడ్డుకి వచ్చింది. కూతురు తారు డబ్బాలు తేవడానికి వెళ్ళింది. ఆవిడ వచ్చి, బోర్లించిన పడవ మీద కూర్చుని, చీర చెంగుతో మొహం తుడుచుకుంది. చేతిలో మడత పెట్టిన ఇస్త్రీ చొక్కా ఉంది.

"బాబూ, ఒక మాట అడుగుతాను. అమ్మాయి లేనప్పుడే అడగాలని వచ్చాను."

అల్లుడి చేతిలో ఉలి ఆగిపోయింది. "చెప్పండత్తయ్యా."

"ఆయన ఈ పలక ఎందుకు పెట్టారో నీకు తెలుసా?"

"పటాలం అలవాటు కదా."

"అలవాటు కాదు." ఆవిడ కాసేపు పలక కేసి చూసింది. "పెళ్ళికి ముందు, ఇరవై మూడో ఏట, ఎక్కడో కొండల్లో కాపలా అట. సాయంత్రం హాజరు పిలుస్తున్నారు. పక్క మంచం కుర్రాడు రాలేదు. వాడు సామాన్ల గదిలో దూరి నిద్రపోవడం మామూలేనట. తిట్లు తింటాడని, వాడి పేరు పిలిచినప్పుడు ఈయన గొంతు మార్చి 'హాజర్' అన్నారు. లెక్క సరిపోయింది. గేటు మూసేశారు. వాడు సామాన్ల గదిలో లేడు బాబూ. కట్టెల కోసం వెళ్ళి, లోయలో జారి, కాలు విరిగి పడున్నాడు. మంచులో. తెల్లారి దొరికాడు."

అల్లుడు మొదటిసారి ఒకటో నంబరు బిళ్ళ కేసి చూశాడు.

"హాజరు ఎవరు పలికారో ఎవరికీ తెలీలేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఈ షెడ్డు పెట్టిన రోజున, ఈ కొక్కేలు కొడుతూ నాకొక్కదానికి చెప్పారు. ఇంకెవరికీ చెప్పొద్దన్నారు. ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే..." ఆవిడ చొక్కా ఒళ్ళో సర్దుకుంది. "ఒకరి బిళ్ళ ఒకరు ముట్టుకోరు కదా. అంటే ఆ రోజు తన బిళ్ళ తానే కొక్కేనికి ఉంచి వెళ్ళారు. మతి తప్పి కాదు. మతి ఎంత తప్పినా ఆయన ఇది మాత్రం మర్చిపోరు. కావాలనే వెళ్ళారు. ఎవరూ తనని వెతకకూడదని. ఆ కుర్రాడు పోయినట్టే తానూ పోవాలని. నేను ఊళ్ళో లేని రోజు చూసుకుని మరీ."

"అత్తయ్యా..."

"దేవుడి ముందు కూర్చుంటున్నాను. దీపంలా బతికిన మనిషి, ఆ తండ్రి పిలవకుండా తానై వెళ్ళిపోతే, ఆయన్ని లోపలికి రానిస్తాడా అని అడుగుతున్నాను. జవాబు లేదు. నలభై ఏళ్ళు కాపురం చేశాను. ఒక్క మాటైనా చెప్పకుండా వెళతారా, నేనంత పరాయిదాన్నా, అని ఆయన్నీ అడుగుతున్నాను. అక్కడా జవాబు లేదు. నువ్వు రోజూ ఆయన పక్కనుండేవాడివి. నీకేమైనా చెప్పారా బాబూ? పోతాననో, విసుగొచ్చిందనో? ఏదున్నా చెప్పు, ఏమీ అనుకోను."

అల్లుడు ఉలి కింద పెట్టాడు. చెబితే భార్య ఏమవుతుందో, ఈ ఇంట్లో తన మొహం ఎవరు చూస్తారో, ఇన్నాళ్ళూ లెక్కేసుకున్నవన్నీ కళ్ళముందు తిరిగాయి. కానీ ఎదురుగా కూర్చున్న ఈ ముసలావిడ, అల్లుడి పిరికితనాన్ని మొగుడి ఆత్మహత్యగా మోస్తోంది. ఇంక నమలడానికి నీళ్ళు కూడా మిగల్లేదు.

"ఆయన తగిలించలేదత్తయ్యా. నేను తగిలించాను."

ఆవిడకి అర్థం కాలేదు. అతను మొత్తం చెప్పాడు. వాన, ఖాళీ కొక్కెం, మేకుకి చొక్కా, అడితి నుంచి వచ్చిన అలసట, అన్నీ. ఒక్కటి కూడా దాచలేదు, తనకి అనుకూలంగా తిప్పనూలేదు. చెబుతున్నంత సేపూ నేలమీది చెక్కపొట్టు కేసి చూశాడు.



"ఏ జేబులో?" అంది ఆవిడ.

"ఎడమ జేబులో."

"బొత్తాం పెట్టుందా?"

"పెట్టుందత్తయ్యా. నేనే విప్పాను."

ఆవిడ ఒళ్ళో ఉన్న చొక్కా మడత విప్పింది. ఎడమ జేబు మీద చెయ్యి వేసింది. బొత్తాన్ని పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. పోయిన రోజు కూడా అంతగా ఏడవలేదు, అలా ఏడ్చింది. "తిరిగొద్దామనే వెళ్ళారు," అంది. "తిరిగొచ్చేవాడే బొత్తాం పెట్టుకుంటాడు. నా తండ్రీ, తిరిగొద్దామనే వెళ్ళారు. వానకి చొక్కా మార్చారు, బిళ్ళ మార్చడం మరిచారు, అంతే. తాడు తెగింది అన్నారు, నేను చెల్లెలి దగ్గరికి వెళ్ళేరోజు. వచ్చాక కడతానన్నాను. అప్పుడే కట్టేస్తే మెళ్ళో ఉండేది."

అల్లుడు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆవిడ కాళ్ళు వెనక్కి లాక్కోలేదు. అలాగని తల మీద చెయ్యీ వెయ్యలేదు.

"నువ్వు తగిలించినందుకు నిన్నేమీ అనలేను," అంది చివరికి. "ఆయనే ఒకప్పుడు అదే చేశారు, అయినా ఆయనతో కాపురం చేశాను. కానీ ఇరవై రెండు రోజులు, బాబూ! ఇరవై రెండు రోజులు ఆయన నన్ను వదిలేసి పోయారనుకుంటూ పడుకున్నాను. నువ్వు రోజూ నా ఎదుటే తిరిగావు. కూర్చుని నాలుగు మెతుకులు తినండత్తయ్యా అన్నావు. అది మాత్రం నాకు మింగుడు పడదు." లేచి నిలబడింది. "అమ్మాయికి నువ్వే చెప్పు. నేను చెప్పను."

మధ్యాహ్నం భార్యకి చెప్పాడు. తారు కాగుతోంది, ఆమె పొయ్యి దగ్గర కలుపుతోంది. విన్నంతసేపూ కలపడం ఆపలేదు. అతను ముగించాక గరిటె పక్కన పెట్టింది.

"ఆ రోజు నేనడిగాను. నాన్న వెళ్ళాడా అని."

"అవును."

"వెళ్ళిపోయాడు అన్నావు. చూసొచ్చినట్టే అన్నావు. 'వెళ్ళుంటాడు' అని నువ్వని ఉంటే, నేను గొడుగేసుకుని వెళ్ళి చూసొచ్చేదాన్ని కాదా? నాకేం వానా? నాకేం కాళ్ళ నొప్పులా? నా నాన్న!"  మళ్ళీ గరిటె తీసుకుంది.

ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. పనికి వచ్చేది, పడవ సందుల్లో నార కూరేది, తారు పూసేది. సుత్తి కావాలంటే చెయ్యి చాపేది, నోరు మెదిపేది కాదు. ఇంట్లో కంచం ముందు పెట్టి వెళ్ళిపోయేది. తిట్టి ఉంటే అతనికి హాయిగా ఉండేది.

నాలుగో రోజు సాయంత్రం కాకముందే వలలాయన వచ్చాడు. ఆ రోజు నుంచీ అతను తన పడవ తీసుకెళ్ళలేదు. అందులో కూర్చోవాలంటే మనసొప్పడం లేదన్నాడు. పడవ షెడ్డు ముందే కట్టేసి ఉంది. అతని వెంట రేవు మనుషులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అత్తగారు కూడా కూతురికి టీ తెచ్చి అక్కడే కూర్చుని ఉంది.

"ఎన్నాళ్ళని ఊరుకుంటాను, పొట్ట ఊరుకోదుగా. ఈవేళ తీసుకెళతాను," అన్నాడు వలలాయన. అలవాటుగా పలక కేసి చూసి చప్పరించాడు. "ఇంత పద్ధతి పెట్టిన మనిషి! చివరికి తన బిళ్ళే మర్చిపోయాడు చూడు. పెద్దతనం ఎవర్నీ వదలదు. మతి తప్పితే పటాలమైనా ఒకటే, పాతాళమైనా ఒకటే."

రేవు మనుషులు తలలూపారు. కూతురు వంచిన తల ఎత్తలేదు. కానీ నార కూరుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఆయనకి మతి తప్పలేదు," అన్నాడు అల్లుడు.

"అయ్యో, నేనేదో అవమానంగా అన్లేదు నాయనా..."

"తప్పలేదు. బిళ్ళ కొక్కెం నుంచి తీసుకునే వెళ్ళాడు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కొక్కెం ఖాళీగానే ఉంది. ఎవరు చూసినా ఆయన నీళ్ళ మీద ఉన్నాడని తెలిసేది. నేను చూశాను. వానలో వెతకడానికి బద్ధకించి, ఇంటికెళ్ళుంటాడనుకుని, బిళ్ళ తీసి నేనే తగిలించాను. ఆయన పద్ధతి ఆయన తప్పలేదు. తప్పింది నేను. మీరెవరితో చెప్పినా ఇలాగే చెప్పండి."

 రేవులో ఎవరికీ మాట బాకీ పడని వలలాయన, తలపాగా తీసి చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడు. కాసేపటికి, "నేనూ వాన చూసి ఆగిపోయాను," అన్నాడు మెల్లగా. "సాయంత్రం వస్తానన్నవాణ్ణి వస్తే, పడవేదని అడిగేవాణ్ణి." ఎవరికి వాళ్ళు తమ వాటా వెతుక్కుంటున్నారు. కానీ అల్లుడికి తన వాటా తగ్గినట్టు అనిపించలేదు.

అప్పుడు అత్తగారు లేచి పలక దగ్గరికి వెళ్ళింది. కొంగు ముడి విప్పి కొత్త తాడు తీసింది. ఒకటో నంబరు బిళ్ళ దించి, ముడేసిన పాత తాడు తీసేసి, కొత్తది ఎక్కించి, రెండుసార్లు లాగి చూసి, తన మెళ్ళో వేసుకుంది. తర్వాత నాలుగో నంబరు బిళ్ళ తీసింది. ఇన్నేళ్ళలో ఆ బిళ్ళ కొక్కెం దిగడం అదే మొదలు. వెనక పలక మీద దాని మేర గుండ్రంగా పాత రంగు మిగిలుంది.

"ఈ పడవలోనే వంపు దాకా తీసుకెళ్ళు బాబూ," అంది అల్లుడితో. "ఆయన ఆగిన చోటు చూడాలి."

"అమ్మా, నీకు నీళ్ళంటే..." అంటూ కూతురు లేచింది.

"భయమే. ఉండనీ."

వలలాయన పరిగెత్తి పడవని ఒడ్డుకి లాగి పట్టుకున్నాడు. అల్లుడు మూడో నంబరు బిళ్ళ తీసి మెళ్ళో వేసుకున్నాడు. అత్తగారు రెండు చేతులతో పడవ అంచులు గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ కూర్చుంది. పడవలోకి ఒక్క చుక్క నీరు రాలేదు. పెద్దాయన చేతి పని. తెడ్డు వేస్తూ అల్లుడొకసారి వెనక్కి చూశాడు. భార్య షెడ్డు తలుపులో, పలకకి ఆనుకుని నిలబడి ఉంది. పలక మీద ఒక్క బిళ్ళే ఉంది, ఆమెది.

వంపు దగ్గర రెల్లు ఒకచోట నలిగి, మళ్ళీ లేస్తోంది. అత్తగారు కళ్ళు తెరిచి చూసింది. వేలితో నీళ్ళు తాకింది. అక్కణ్ణించి చూస్తే షెడ్డు రేకులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. తలుపు కూడా కనిపిస్తోంది.

"ఇక్కడికి మన షెడ్డు దీపం కనిపించేదా?" అంది.

"కనిపించేదత్తయ్యా." అతను అబద్ధం చెప్పలేదు. "వెతుకుతూ వస్తే, మేమూ కనిపించేవాళ్ళం."

ఆవిడ తలూపింది. ఆయన ఎంతసేపు అటుకేసి చూస్తూ ఉన్నాడో ఇద్దరూ అడగలేదు, ఇద్దరికీ అదే ప్రశ్న. దేవుడు పిలిచినప్పుడు మనిషి ఒంటరిగా వెళ్ళాలంటారు పెద్దలు. నిజమే కావచ్చు. కానీ గుమ్మం దాకా ఎవరో ఒకరు తోడుండాలని మనిషి ఆశపడితే, అది తప్పెలా అవుతుంది?

తిరిగొచ్చేసరికి చీకటి ముసురుకుంటోంది. వలలాయన, రేవు మనుషులు అక్కడే ఉన్నారు. ఎవరూ ఇంటికెళ్ళలేదు. భార్య నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. అత్తగారు నాలుగో నంబరు బిళ్ళ తన చేత్తో తగిలించింది. అల్లుడు మూడోది తగిలించాడు. ఒకటో నంబరు అత్తగారి మెళ్ళోనే ఉంది. దాన్ని తియ్యమని ఎవరూ అనలేదు.

అల్లుడు అలవాటుగా తలుపు వెనకనున్న తాళం అందుకున్నాడు.

"తాళం వెయ్యకు," అంది భార్య. నాలుగు రోజుల తర్వాత అతనితో ఆమె అన్న మొదటి మాట అది. అతని మొహంలోకి చూడలేదు. ఖాళీగా ఉన్న కొక్కెం కేసి చూస్తోంది. "ఒకరు ఇంకా రాలేదు."

అతను తాళం మేకుకి తగిలించేశాడు. తలుపు ఊరికే దగ్గరగా వేసి, ముగ్గురూ గట్టెక్కారు. కొంచెం దూరం పోయాక అత్తగారు ఆయాసంతో ఆగితే ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు.

ఆ షెడ్డుకి ఇప్పటికీ తాళం లేదు. ఉలులూ సుత్తులూ ఎవరైనా ఎత్తుకుపోతారేమో అని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. ఇంతవరకూ ఏమీ పోలేదు. సాయంత్రం పని ముగిశాక అల్లుడు ఒక్కడే రేవు చివరిదాకా నడిచి, వంపు వైపు ఒకసారి చూసి వస్తాడు. వాన రోజుల్లో కూడా.